వ్యాను నడిపేవాడి ఓటు

ఎన్నికల రోజున పొద్దున్నే ఏడు కాకముందు న్యూ గిలియడ్ చర్చి వ్యాను బయటికి తీసేది ఓజెల్ టార్ప్లీ. ఇరవై ఆరేళ్లుగా ఆ పని ఆయనదే. మోకాళ్లు లేవనివాళ్లు, చూపు ఆననివాళ్లు, ఉన్న ఒక్క కారూ కొడుకు పట్టుకుపోయినవాళ్లు, ఇలాంటి ముసలమ్మలందరినీ ఇంటింటికీ వెళ్లి ఎక్కించుకోవాలి. ఓట్లు వేయించే ఫైర్ స్టేషన్ దగ్గర దించాలి. ఓట్లేసి బయటికొచ్చేదాకా కాచుకుని, మళ్లీ ఎవరి గుమ్మంలో వాళ్లని దిగబెట్టాలి. ఆయన మాత్రం ఆ ఫైర్ స్టేషన్ లోపల ఏనాడూ అడుగు పెట్టలేదు. పెట్టినా ఆయన పేరు అక్కడ ఓటర్ల జాబితాలో లేదు.

ఈ సంగతి ఆ ఊళ్లో, టిల్డన్ ఫోర్క్‌లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. సిస్టర్ కొరీన్‌కి మరీ బాగా తెలుసు. ఎనభై ఆరేళ్ల మనిషి, చెవులూ కళ్లూ నాలుకా అన్నీ భేషుగ్గా పనిచేస్తాయి, అందులో నాలుక మరీను. అయినా ప్రతిసారీ దిగేముందు అడగాల్సిందే.

"ఏం ఓజెల్, నువ్వు దిగవా? సీటుకేసి మేకులు కొట్టారా ఏంటి నిన్ను?"

"నీ పని చూసుకో పెద్దమ్మా."

"అడిగితే అంత మంటేమిటయ్యా? ఈసారి నా మేనల్లుడి పేరు కూడా లేదుగా ఆ ఓటు కాగితంలో!"

ఆమె మేనల్లుడంటే లమార్ గేట్‌వుడ్. ఈ నియోజకవర్గానికి ఐదు దఫాలుగా శాసనసభ్యుడు. ఓజెల్ ఆ పేరు వింటే అన్నం ముద్ద పక్కన పెడతాడు. అది కొరీన్‌కి తెలుసు గనకే ఎత్తింది. ఓటేసి వచ్చి, లోపల ఇచ్చిన 'నేను ఓటేశాను' స్టిక్కర్‌ని తన కోటు మీంచి ఊడదీసి, ఓజెల్ చొక్కా మీద అంటించింది. "పట్టు, నీకూ ఒకటుండనీ. ఉత్తిపుణ్యానికి పొద్దుట్నించీ తిప్పుతున్నావు" అంది. వెనక సీట్లలో ముసలమ్మలందరూ పగలబడి నవ్వారు.

ఓజెల్ నవ్వలేదు. స్టిక్కర్ పీకి డాష్‌బోర్డు మీద కొట్టాడు. పోయినసారిది, అంతకు ముందుదీ కూడా అక్కడే రంగు వెలిసి ఉన్నాయి.

ఇంతకీ ఆయన చేసిన ఘనకార్యం ఏమిటంటారా? హత్య కాదు. దోపిడీ కాదు. చెట్లు కొట్టాడు.

ఇరవై మూడేళ్ల వయసులో, తాత ఐసమ్ టార్ప్లీ పొలం చివర పదకొండు పైన్ చెట్లు కొట్టి రంపపు మిల్లుకి తోలాడు. ఒకప్పుడు మన కంచె ఇక్కడిదాకా ఉండేదని తాత చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని తిప్పి చూపించాడు. కానీ ఓజెల్ పుట్టేనాటికే అక్కడ కంచె లేదు. అరవై అడుగులు ఇవతలగా చెట్ల మీద పక్క రైతు క్రీక్‌మోర్ ఎర్ర రంగు గీతలు పూసుకుని ఉన్నాడు. ఓజెల్ రంగుని నమ్మలేదు, తాతని నమ్మాడు. కోర్టులో జడ్జి "ఏదయ్యా నీ కంచె?" అని అడిగాడు. చూపించడానికి ఏముంది? పద్నాలుగు నెలలు జైలు. కలప దొంగ అని పేరు.

జైలు ఏముంది, అయిపోయింది. పోనిది ఇంకొకటి. ఆ మిసిసిపీ రాష్ట్రంలో కొన్ని నేరాలకి ఓటు చచ్చేదాకా పోతుంది. హత్యకి పోతుంది, దొంగతనానికి పోతుంది, ఎవరి కలపో కొట్టి పట్టుకుపోయినా పోతుంది. మత్తుమందు అమ్మితే పోదు! ఓజెల్ పినతండ్రి కొడుకు డివిట్ ఊరూరా ఆ దరిద్రం అమ్మి జైలుకెళ్లాడు. జైల్లోంచే పోస్టులో ఓటు వేశాడు కూడా. "నీకంటే నేనే పెద్దమనిషినిరా అన్నా" అని ఇప్పటికీ పండగ భోజనాల దగ్గర వెక్కిరిస్తాడు వెధవ. ఏ బుర్ర తక్కువ రోజుల్లో ఎవడు రాశాడో ఆ చట్టం, రాసినవాడి నోట్లో మట్టి కొట్టాలనిపిస్తుంది.

నలభై ఏళ్లు ఓజెల్ దాన్ని దిగమింగుకునే బతికాడు. మోటారు రంపాలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు, గొలుసులకి సాన పట్టాడు, పెళ్లాన్ని బాగా చూసుకున్నాడు. కానీ పోయిన మార్చిలో పెళ్లాం వెర్డెల్‌కి గుండె నొప్పి వచ్చింది. వాళ్ల రోడ్డు మీద కాలువ వంతెన ఎనిమిదేళ్లుగా మూసేసి ఉంది. అంబులెన్సు పదకొండు మైళ్లు చుట్టు తిరిగి వచ్చింది. వచ్చేసరికి వెర్డెల్ లేదు. ఆ వంతెన మీద నిలబడి లమార్ గేట్‌వుడ్ ఎనిమిదేళ్ల కిందట ఫోటో దిగాడు. రాజధాని నుంచి డబ్బు తెస్తానన్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ వాడి ఆఫీసు గోడ మీద ఉంది.

వచ్చే ఆగస్టులో లమార్ మళ్లీ పోటీ చేస్తాడు. వాడికి వ్యతిరేకంగా ఒక్క ఓటు, తన చేత్తో, తను వెయ్యాలి. ఓజెల్‌కి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

దీనికి దారి ఒకటుంది. అది వింటే ఒళ్లు మండుతుంది. పోయిన ఓటు తిరిగి రావాలంటే ఆ ఒక్క మనిషి పేరు మీద ఒక బిల్లు పెట్టాలి. సభలు రెండింటిలోనూ మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఆ బిల్లు పెట్టాల్సింది ఎవరయ్యా అంటే, ఆ నియోజకవర్గపు శాసనసభ్యుడు. అంటే లమార్ గేట్‌వుడ్.

ఓజెల్ టోపీ చేత్తో పట్టుకుని వాడి ఆఫీసుకి వెళ్లాడు. ఆ వంతెన ఫోటో కింద కుర్చీలోనే కూర్చోబెట్టారు.

"బ్రదర్ ఓజెల్! ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదండీ? మా అత్త మిమ్మల్ని తెగ పొగుడుతుంది" అన్నాడు లమార్.

"నీ అత్త నన్ను ఎలా పొగుడుతుందో నాకు తెలుసులే. ఏం కావాలో చెప్పు."

"పాస్టరు ఉత్తరం. షెరీఫ్ ఉత్తరం. సొత్తు పోగొట్టుకున్న మనిషి అభ్యంతరం లేదని రాసిన ఉత్తరం, అంటే క్రీక్‌మోర్ గారిది. చివరగా మీ చేత్తో ఒక్క పేజీ. 'నేను దొంగతనం చేశాను, పశ్చాత్తాపపడుతున్నాను.' అంతే."

"నేను దొంగతనం చెయ్యలేదు."

లమార్ నవ్వాడు. "అందరూ అలానే అంటారండీ. రాయడానికి ఏం పోతుంది?"

ఓజెల్ ఆ నవ్వుని కడుపులో పెట్టుకుని లేచి వచ్చేశాడు. క్రిస్మస్‌కి ముందు వారం క్రీక్‌మోర్ ఇంటికి వెళ్లాడు. ఎనభై నాలుగేళ్ల ముసలాడు, ముక్కులో గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండరు, పొగరు మాత్రం గింజంతైనా తగ్గలేదు. వరండా మెట్ల మీదే నిలబెట్టి మాట్లాడాడు.

"ఉత్తరం కావాలా? ఇస్తానోయ్. ముందు నీ నోటితో ఒక్క మాట అను. 'నీ చెట్లు దొంగిలించాను' అను. నలభై రెండేళ్లుగా వినాలని కూచున్నాను."

"అయితే ఇంకా కూచోండి" అని ఓజెల్ మెట్లు దిగి వచ్చేశాడు.

జనవరిలో ఒకరోజు క్రీక్‌మోర్ అడవి కొడుతున్న కూలీల మేస్త్రీ కొట్టుకి వచ్చాడు. రంపం గొలుసు బల్ల మీద పడేశాడు. పళ్లన్నీ విరిగిపోయి ఉన్నాయి.

"దీని అమ్మ కడుపు కాల! ఓక్ చెట్టు కోస్తుంటే లోపల ఏదో ఇనుము తగిలిందయ్యా. చెట్టులో ఇనుమేంటి?" అన్నాడు.

ఓజెల్ గొలుసుని వెలుగులో తిప్పి చూశాడు. పళ్లలో తుప్పు పట్టిన తీగ ముక్క ఇరుక్కుని ఉంది. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడికి చెప్పక్కర్లేదు. పాతకాలంలో కంచె ముళ్ల తీగని హద్దు చెట్టుకే మేకులేసి కొట్టేవారు. కొన్నేళ్లకి చెట్టు ఆ తీగని మింగేస్తుంది. కంచె పీకేస్తే బయటి తీగ పోతుంది గానీ లోపలిది పోదు.

"ఎక్కడా చెట్టు?"

"కాలువ పక్కన. ఎర్ర రంగు గీతలకి అవతల, ఓ అరవై అడుగులుంటుంది."

ఓజెల్ కొట్టు మూశాడా లేదా కూడా చూసుకోకుండా వెళ్లాడు. మొద్దు మోకాలెత్తు ఉంది. మధ్యలో నల్లటి మచ్చ, ఆ మచ్చలో రెండు తీగలు, ఒక మేకు. వాటి మీద ఏడాదికొకటి చొప్పున ఎనభైకి పైగా వలయాలు. రెండుసార్లు లెక్కపెట్టాడు, మూడోసారి కళ్లు మసకలయ్యాయి. తన రంపం తెచ్చి ఆ మొద్దు మీంచి మూడంగుళాల మందాన ఒక చక్రం కోసుకున్నాడు. దాన్ని ట్రక్కులో ముందు సీటు మీద, వెర్డెల్ కూర్చునే చోట పెట్టాడు. తాత చెప్పింది నిజం. తను దొంగ కాదు.

తిన్నగా లమార్ ఆఫీసుకి వెళ్లి ఆ చక్రాన్ని బల్ల మీద దబ్బున పెట్టాడు. రంపపు పొట్టు కాగితాల మీద రాలింది.

"ఇదిగో కంచె! జడ్జి అడిగిన కంచె! ఇప్పుడు రాయి నీ బిల్లు."

లమార్ పొట్టు దులిపి ఆ తీగని చూశాడు. వాడు మూర్ఖుడు కాదు, అదే వాడితో వచ్చిన బాధ. "బ్రదర్ ఓజెల్, ఇది ట్రక్కులో పెట్టెయ్యండి" అన్నాడు.

"ఏం?"

"బిల్లు దొంగని క్షమించడానికి. మీరు దొంగ కాకపోతే క్షమించడానికేముంది? అప్పుడు కోర్టుకెళ్లాలి, లాయర్లు, సర్వేలు, ఐదారేళ్లు. క్రీక్‌మోర్ పిల్లలు ఊరుకుంటారా? మీకిప్పుడు అరవై అయిదు. ఆగస్టుకి ఓటు కావాలన్నారు. దొంగనని రాస్తే ఓటు. కాదంటే ఈ చెక్క ముక్క. ఏదో ఒకటి కోరుకోండి."

"నిజం చెప్పినవాడికి లేదు, అబద్ధం రాసినవాడికి ఉందా ఓటు?"

"చట్టం నేను రాయలేదు కదండీ."

"మార్చనూ లేదు. ఇరవై ఏళ్లు కూచున్నావు అక్కడ!"

ఆ మాటకి లమార్ ముఖం మాడిపోయింది.

ఓజెల్ ఆ చక్రం మోసుకుని క్రీక్‌మోర్ వరండా ఎక్కాడు. ఈసారి మెట్ల మీద ఆగలేదు. ముసలాడి దుప్పటి మీద, ఒళ్లో పెట్టాడు. క్రీక్‌మోర్ వేలితో ఆ తీగని తడిమాడు. గొట్టంలోంచి గాలి బుస్సుమంటోంది.

"మా నాన్న పీకాడు ఆ కంచె" అన్నాడు చివరికి. "నాకు పన్నెండేళ్లు. పట్టకారు నేనే పట్టుకున్నాను."

"తెలిసి... తెలిసి నన్ను జైలుకి పంపారా?"

"చెట్లు కొట్టమని నీకెవడు చెప్పాడు? వచ్చి నన్ను అడగొచ్చుగా?"

"మా చెట్లు కొట్టడానికి మిమ్మల్ని అడగాలా!"

"అరవకు. నాకు ఊపిరాడదు."

"నాకు నలభై రెండేళ్లుగా ఆడట్లేదు! ఇప్పుడన్నది కాగితం మీద రాయండి."

"రాయను. ఆ భూమి నా పిల్లలది. ఇదిగో, అభ్యంతరం లేదని ఉత్తరం రాసిస్తాను. నువ్వేమీ అనక్కర్లేదు. తీసుకుని పో. ఈ మొద్దు కూడా తీసుకుపో. నా కళ్ల ముందు ఉంచకు."

రాశాడు. సంతకం కూడా పెట్టాడు గానీ క్షమించమని మాత్రం అనలేదు, చూపుల్లో కూడా అనలేదు. ఓజెల్ ఉత్తరం తీసుకున్నాడు. ధన్యవాదాలు చెప్పలేదు.

ఆ సాయంత్రం కొట్టులో సానరాయి పక్కన కూర్చుని ఆ ఒక్క పేజీ రాశాడు. నాలుగు కాగితాలు చించాడు. ఐదోదాని మీద 'నేను పదకొండు పైన్ చెట్లు దొంగిలించాను' అని రాసి సంతకం పెట్టాడు. గోడకి ఆనించి ఉన్న చక్రాన్ని ముందే అటు తిప్పి పెట్టాడు. తాతకి కనపడకూడదని. పిచ్చి పనే, కానీ పెట్టాడు.

లమార్ కాగితాలన్నీ చూసుకుని, "మార్చి నెలాఖరుకి అయిపోతుంది" అన్నాడు. బిల్లుకి నంబరు కూడా వచ్చింది. ఓజెల్ ఆ నంబరుని చీటీ మీద రాసి టోపీలో పెట్టుకుని తిరిగాడు.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎలా ఉండేదో. కానీ న్యూ గిలియడ్‌లో ప్రతి నెలా మొదటి ఆదివారం సాక్ష్యం చెప్పుకునే ఆదివారం. దేవుడు చేసిన మేలు లేచి చెప్పాలి. అక్కడ లేచినవాడు అబద్ధం ఆడడు, ఆడితే దేవుడి ఎదుట ఆడినట్టే. మార్చి మొదటి ఆదివారం ఓజెల్ లేచాడు. ఇరవై ఆరేళ్లలో అదే మొదటిసారి.

"నా పేరు మీద బిల్లు పెట్టారు. దేవుడికి స్తోత్రం" అన్నాడు.

"ఆమెన్!" అని చర్చంతా అంది.

"నలభై రెండేళ్లు ఓటుకి బయటే కూచున్నాను."

"కూచున్నావు బ్రదర్, చెప్పు!"

ఆర్గన్ వాయించేవాడు కింద నుంచి ఒక స్వరం ఎత్తుకున్నాడు. ఆ ఊపులో ఏ మనిషికి నోరు ఆగుతుంది? "ఆగస్టుదాకా నన్ను బతికించు ప్రభువా! నా చేత్తో లమార్ గేట్‌వుడ్‌ని ఆ కుర్చీలోంచి దించనీ ప్రభువా! నా వెర్డెల్ ఎదురుచూసిన అంబులెన్సు సాక్షిగా!"

"ఆమెన్!" అన్నారు అలవాటుకొద్దీ అందరూ, పాస్టరుతో సహా. అన్నాక ఏమన్నారో తెలిసింది. ఆర్గన్ ఆగిపోయింది. ముందు వరసలో ఒక్క సిస్టర్ కొరీన్ మాత్రం అనలేదు. విసనకర్ర ముడిచి సంచిలో పెట్టుకుంది.

మార్చి నెలాఖరుకి బిల్లులు పాసయ్యాయి. పదిహేడు మంది పేర్లు వచ్చాయి. ఓజెల్ పేరు లేదు.

"కమిటీకి టైము చాలలేదండీ" అన్నాడు లమార్. ఈసారి కూర్చోమనలేదు. "వచ్చే ఏడాది చూద్దాం."

"పదిహేడు మందికి చాలిన టైము నా ఒక్కడికే చాలలేదా? నువ్వు తొక్కిపెట్టావు."

"మీరు చర్చిలో లేచి నన్ను దించుతానని దేవుడికి అర్జీ పెట్టుకుంటారు. అదే నోటితో ఓటిప్పించమని నా దగ్గరికి వస్తారు. నేనేం సన్యాసినా ఓజెల్?"

"కాదు. ఎమ్మెల్యేవి. నా ఓటు ఎవరికి వేస్తానో చూసి ఇస్తారా ఓటు?"

లమార్ కిటికీ వైపు తిరిగాడు. ఓజెల్ బల్ల దగ్గరికి వెళ్లాడు. "సరే. నా కాగితం నాకిచ్చెయ్యి. దొంగనని రాసింది."

"అది రికార్డులోకి వెళ్లిపోయింది. వెనక్కి రాదు."

అదీ సంగతి. దొంగ కానని చెప్పుకునే నోరూ పోయింది, ఓటూ రాలేదు. ఆ దరిద్రపు వంతెన ఫోటో కిందనుంచే బయటికి నడిచాడు. వారం రోజులు కొట్టు తియ్యలేదు. తీశాక కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. డివిట్ వచ్చి ఏదో వెక్కిరించబోతే రంపం స్టార్ట్ చేసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, వాడు మళ్లీ ఆ ఛాయలకి రాలేదు.

ఆగస్టు ఎన్నిక రోజు వ్యాను ఎవరు తీస్తారా అని చర్చిలో గుసగుసలాడుకున్నారు. పాస్టరు ఫోను చేయడానికి కూడా మొహమాటపడ్డాడు. పొద్దున ఏడుకి ముందే ఓజెల్ వ్యాను తీశాడు. ఎవరితోనూ పలకరింపు లేదు. తలుపు తెరవడం, మెట్టు వెయ్యడం, చెయ్యి అందించడం, అంతే. ఫైర్ స్టేషన్ దగ్గర పోటీదారులు దాటకూడదని తాడు కట్టిన గీతకి ఇవతల లమార్ నిలబడి అందరితో చేతులు కలుపుతున్నాడు. ఓజెల్‌ని చూసి చెయ్యెత్తాడు. ఓజెల్ చేతులు స్టీరింగు మీంచి లేవలేదు.

ముసలమ్మలు ఒక్కొక్కరే దిగి వెళ్లారు. కొరీన్ దిగలేదు. ఆఖరి సీట్లో సంచి పట్టుకుని కూర్చుంది.

"దిగవా పెద్దమ్మా? సీటుకేసి మేకులు కొట్టారా?" అన్నాడు ఓజెల్, అద్దంలోంచి చూస్తూ.

ఆమె నవ్వలేదు. నెమ్మదిగా సీట్లు పట్టుకుంటూ ముందుకి వచ్చి ఆయన పక్కన నిలబడింది. "లమార్‌కి చెప్పింది నేనే" అంది.

"తెలుసు."

"తెలిసీ ఎందుకు ఎక్కించుకున్నావు నన్ను?"

"జాబితాలో నీ పేరుంది. ఎక్కించుకోవడం నా పని."

"చర్చిలో నువ్వన్నది చెప్పా గానీ, ఇంత పని చేస్తాడనుకోలేదయ్యా. వాడిని ఎత్తుకుని పెంచాను నేను. ఒరేయ్ ఓజెల్, ఇటు చూడు. ఎవరికి వెయ్యమంటావో చెప్పు. నా ఓటు నీదే ఇవాళ. నా చేత్తో నీది వేస్తాను. వాడికి వ్యతిరేకంగా వేస్తాను, దేవుడి తోడు."

ఓజెల్ ఆమె వైపు తిరిగాడు. తొమ్మిది నెలలుగా కావాలనుకున్నది అదే, లమార్‌కి వ్యతిరేకంగా ఒక ఓటు. అది చేతికందేంత దూరంలో నిలబడి ఉంది, వాడి సొంత మేనత్త రూపంలో. ఒక్క మాట అంటే చాలు.

"వద్దు" అన్నాడు.

"వద్దా?"

"నీ ఓటు నీది పెద్దమ్మా. నీకు నచ్చినవాడికి వేసుకో. నీ మేనల్లుడికే వేసుకో, నాకు అనవసరం." డాష్‌బోర్డు మీద వెలిసిపోయిన స్టిక్కర్ల వైపు చెయ్యి చూపించాడు. "ఇవన్నీ నీవి. నాకు నాది కావాలి."

ఓజెల్ దిగి వచ్చి మెట్టు వేసి చెయ్యి అందించాడు. ఆమె తాడు దాటుతుంటే లమార్ "అత్తా!" అని నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆమె వాడి పక్కనుంచి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. బయటికొచ్చాక కోటు మీద స్టిక్కర్ లేదు. పిడికిట్లో నలిపి పట్టుకుని ఉంది. ఎవరికి వేసిందో ఓజెల్ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అందరూ ఎక్కారో లేదో లెక్క చూసుకుని ఓజెల్ తలుపు వేశాడు. రెండో విడతకి కాలువ అవతల ఇంకా ఎనిమిది మంది ఉన్నారు, వంతెన మూసి ఉంది గనక పదకొండు మైళ్లు చుట్టు తిరిగి వెళ్లాలి.